సుందరపాలెం స్టేజీ

పట్టా చేతికందిన రోజు మధ్యాహ్నానికల్లా హైమవతి ఊరుగా మారిపోవాలి కాబట్టి, ఆ పొద్దున ఆవిడ భర్త పరంధాములు డ్యూటీకి సెలవు పెట్టి, తలంటుకుని, దేవుడి పటాలకి రోజూ పెట్టే రెండు మందారాలు కాకుండా బుట్టెడు పూలు పెట్టి దణ్ణం పెట్టుకున్నాడు. పరంధాములు ఆర్టీసీలో కండక్టరు. పదో తరగతితో చదువు ఆపేసినవాడు. భార్య సమాజశాస్త్రంలో డాక్టరు కావడమే గొప్పనుకుంటే, ఆపైన ఊరు కూడా అవుతోందంటే ఆయనకి కాలు ఒకచోట నిలవడం లేదు.

వీధి మొదట్లో కుర్రాళ్ళు ఫ్లెక్సీ కట్టారు. "మన వీధి కోడలు మన జిల్లాలో కొత్త గ్రామం కాబోతున్న శుభసందర్భంగా" అని పెద్ద అక్షరాలు, మధ్యలో హైమవతి పాస్‌పోర్టు సైజు ఫోటో, చుట్టూ అంతకంటే పెద్దవిగా ఫ్లెక్సీ కట్టించినవాళ్ళ ఫోటోలు. డిపోలో డ్రైవర్లు కూడా వారం నుంచీ ఆయన్ని వదలడం లేదు. "అత్తారి ఊరు అని వినడమే గానీ, ఆలే ఊరవడం నీకే చెల్లిందయ్యా పరంధాములూ!" అని ఒకరంటే, "ఇంక ఇంట్లో పోట్లాడి ఊరొదిలి పోతానంటే కుదరదు, ఏ ఊరొదులుతావో చెప్పాలి" అని ఇంకొకరు. పరంధాములు సిగ్గుపడి నవ్వి, అందరికీ మైసూర్‌పాకు పంచాడు.

ఈ ఏర్పాటు కొత్తదేం కాదు. చాలా ఏళ్ళపాటు యూనివర్సిటీలవాళ్ళు ప్రశ్నలు అచ్చువేసుకుని ఊళ్ళ మీదికి వెళ్ళారు. మీకు మేకలెన్ని, మీ ఇంట్లో ముందెవరు తింటారు, పక్కింటివాళ్ళు మీ గ్లాసులో నీళ్ళు తాగుతారా అని అడిగారు. ఒక బృందం వెళ్ళిన వారానికే మరో బృందం వచ్చి అవే మేకలను మళ్ళీ లెక్కపెట్టింది. విసిగిపోయిన ఊళ్ళు, ఇక మీదట ఎవరికీ ఏమీ చెప్పేది లేదని గ్రామసభల్లో తీర్మానాలు చేశాయి. దాంతో ఒకపక్క అడగడానికి ఊళ్ళు లేని విద్యార్థులు, మరోపక్క చేయడానికి ఉద్యోగాలు లేని డాక్టర్లు మిగిలారు. ప్రభుత్వం రెండు కష్టాలనూ ఒకే ఉత్తర్వుతో తీర్చింది. ఏళ్ళ తరబడి ప్రశ్నలు అడిగినవాళ్ళ కంటే బాగా జవాబులు చెప్పగలవాళ్ళు ఎవరుంటారు?

పట్టా తీసుకోబోయే ప్రతివాళ్ళూ తమ తదుపరి ప్రణాళిక ఏమిటో చెప్పాలి. ఉద్యోగం ఖాయమైతే ఒకటో గడి, మాటల్లో ఉంటే రెండో గడి, ఏదీ లేకపోతే మూడో గడి. మూడో గడివాళ్ళని వాళ్ళ సబ్జెక్టును బట్టి కేటాయిస్తారు. చరిత్రవాళ్ళు శిథిలాలవుతారు. అర్థశాస్త్రంవాళ్ళు వారపు సంతలవుతారు. రాజనీతివాళ్ళు నియోజకవర్గాలవుతారు, వాళ్ళకి ఐదేళ్ళకోసారి తప్ప పని ఉండదు. సమాజశాస్త్రంవాళ్ళు ఊళ్ళవుతారు. రసాయనశాస్త్రంవాళ్ళు కదిపితే ఏమవుతారో తెలియదు కాబట్టి వాళ్ళని ఈ పథకంలో చేర్చలేదు.

"మూడో గడే నయమండీ" అని హైమవతి ముందే అంది. "రెండో గడిలో టిక్కు పెట్టినవాళ్ళు ఇంకా డిపార్టుమెంటు వరండాలోనే కూచునున్నారు. మా సీనియరు ఒకావిడ ఊరై రెండేళ్ళు కాలేదు, అప్పుడే హైస్కూలొచ్చింది."

అలా అంటూనే బొటనవేలి గోరు కొరుక్కుంది. అది ఆవిడ అలవాటు. ఎవరేమడిగినా ముందు "అబ్బే" అనడం ఇంకో అలవాటు.

ఆ పొద్దున వంటింట్లో అత్తగారు నాంచారమ్మ కోడలికి ఆఖరి జాగ్రత్తలు చెబుతోంది. "ఏమే హైమా, నీళ్ళు మాత్రం తియ్యగా ఉండేట్టు చూసుకో. ఊరికి నీళ్ళే ప్రాణం. చావడి అరుగు కాస్త వెడల్పుగా ఉంచు, మోకాళ్ళ నొప్పులతో నేనెక్కడా కూలబడలేను."

"అబ్బే, నా చేతిలో ఏముంది అత్తయ్యా! ఎలా వస్తే అలా."

"నీ ఒళ్ళే కదే, నీ చేతిలో లేకపోతే ఎవరి చేతిలో ఉంటుంది?"

పరంధాములు మనసు మాత్రం మొక్కు మీద ఉంది. ఏడేళ్ళ కింద హైమవతి ప్రవేశపరీక్ష రాసిన రోజున ఆయన వేణుగోపాలస్వామికి మొక్కుకున్నాడు. ఈవిడ డాక్టరైతే, నెల తిరక్కుండా ఈవిడ పక్కన నిలబడి, 'డాక్టర్ హైమవతి' అని సంకల్పం చెప్పించి అర్చన చేయిస్తానని. నిజానికది ఆవిడ కోరికే. ఏడేళ్ళలోనూ ఆవిడ నోరు తెరిచి కోరింది అదొక్కటే. "నా పేరు ముందు డాక్టరని పెట్టి, ఒక్కసారి ఎవరైనా గట్టిగా పిలిస్తే చాలండీ." ఖాళీ ట్రిప్పుల్లో, వెనక సీట్లో కూచుని పరంధాములు ఆ పేరు అనుకుని చూసుకునేవాడు. వైవా అయిన రోజునే పిలవబోతే, "పట్టా చేతికిచ్చేదాకా వద్దు, బాగోదు" అని ఆవిడే నోరు మూసింది.

స్నాతకోత్సవంలో పేర్లు చదవలేదు. టైము చాలదని, "సమాజశాస్త్రం, మూడో గడి, లేచి నిలబడండి" అన్నారు. లేచారు. "కూర్చోండి" అన్నారు. అయిపోయింది. బయట పందిరి కింద పట్టాలు ఇస్తుంటే హైమవతి తనది తీసుకుని, గుండెలకి హత్తుకుని, జనంలోంచి పరంధాములు కోసం చూసింది. ఆయన తోసుకుంటూ వెళ్ళేలోపే ఆవిడ గైడు ఆచార్య దయాసాగర్ మెడలో విజిలు వేసుకుని వచ్చి అందరినీ వెనక మైదానంలోకి నడిపించాడు.

"అద్భుతమైన గ్రామం వస్తుంది పరంధాములుగారూ!" అన్నాడు దయాసాగర్, చేతులు రుద్దుకుంటూ. "మీ ఆవిడ థీసిస్‌లో పునాది చాలా గట్టిది. ఇళ్ళు కుంగవు."

మైదానం అవతల, ఊరికి కేటాయించిన బీడులో, ముగ్గు వేసిన గీతల మధ్య హైమవతి నిలబడింది. ఎండ బాగా ఉంది. పట్టుచీర కొంగు నెత్తిన వేసుకుంది. చుట్టాలందరూ సెల్‌ఫోన్లు పైకెత్తారు. విజిలు నోట్లో పెట్టుకునే ముందు దయాసాగర్ "ఏమైనా చెప్పాలా అమ్మా?" అని మర్యాదగా అడిగాడు.

"అబ్బే" అని, ఏదో గుర్తొచ్చి, "ఏవండీ! పాలు పొయ్యి మీద పెట్టొచ్చాను" అంది హైమవతి.

విజిలు మోగింది. ముందు వీధులు వచ్చాయి. ఆ వెంటనే నీళ్ళ ట్యాంకు, స్కూలు, గుడి. ఇళ్ళు కాసేపు పట్టాయి. జనం అందరికంటే ఆఖర్న వచ్చారు, కొంచెం సిగ్గుపడుతూ, కొత్తగా దిగిన చుట్టాల్లాగా. ఆడా మగా పిల్లా పెద్దా అందరికీ ఎక్కడో ఓచోట హైమవతి పోలిక ఉంది. ఒకరికి ముక్కు, ఒకరికి నడక. అందరూ బొటనవేలి గోరు కొరుక్కుంటున్నారు. చుట్టాలు చప్పట్లు కొట్టారు. నాంచారమ్మ గబగబా బావి దగ్గరికి పోయి, చేద తోడి, ఒక గుక్క తాగి, కళ్ళు తుడుచుకుంది.

"మంచినీళ్ళేరా నాయనా! కూరల్లో ఏనాడూ సరిగ్గా ఉప్పు వేసిన పిల్ల కాదు. నీళ్ళలోనూ వెయ్యలేదు."

పరంధాములు ఊరి మొదట్లో నిలబడి, గుండె నిండా గాలి పీల్చి, "డాక్టర్..." అని ఎత్తుకోబోతుంటే దయాసాగర్ ఆయన నోటికి అడ్డంగా చెయ్యి పెట్టాడు.

"పేరు పలకకూడదండీ. పేరు మార్చాం. ఈ ఊరు పేరు సుందరపాలెం."

"ఎందుకండీ?"

"పరిశోధన నీతి. ఊరికి హాని జరక్కూడదు, అందుకు. మీ ఆవిడ మాత్రం, తాను వెళ్ళిన ఊరికి థీసిస్‌లో మల్లవరం అని మారుపేరు పెట్టలేదూ? అదే పద్ధతి."

"హాని ఎవరు చేస్తారండీ?"

"ఎవరూ చెయ్యరు. పేరు మార్చాం కదా."

"ఒకవేళ ఎవరైనా అసలు పేరు అనేస్తే?"

"ఊరు రద్దవుతుంది. ఊరు రద్దయితే పట్టా రద్దవుతుంది."

"మరి మనిషి?"

"మనిషి ఇంటికొచ్చేస్తుంది. దానికెవరికీ అభ్యంతరం లేదు" అన్నాడు దయాసాగర్.

ఇంటికెళ్ళేసరికి పాలు పొంగి, గిన్నె మాడి, వంటిల్లంతా కమురు వాసన.

కొత్త ఊరికి బస్సు వేయాలి. పరంధాములు దరఖాస్తు పెట్టుకుంటే, భార్యాభర్తలను ఒకే చోట వేసే నిబంధన కింద ఆ రూటు ఆయనకే ఇచ్చారు. ఇంతకంటే అదృష్టం ఏముంటుంది? రోజూ నాలుగుసార్లు భార్య దగ్గరికి పోవడం, రావడం. మొదటి ట్రిప్పు నాడు బస్సుకి మామిడి తోరణం కట్టించి, కొబ్బరికాయ కొట్టి, కొత్త యూనిఫాం వేసుకుని బయల్దేరాడు. ట్యాంకు కనబడగానే ఆయనకి ఒళ్ళు పులకరించింది. బస్సాగకుండానే ఫుట్‌బోర్డు మీదికి వచ్చి, ఇరవయ్యేళ్ళ కండక్టరు అలవాటు కొద్దీ గొంతెత్తి, "హైమ..." అన్నాడు.

అంతే, పడమటి వీధిలో ఇళ్ళు తడిసిన కాయితంలా పల్చబడ్డాయి. బోరింగు ఉండాల్సిన చోట మోచేతి దాకా ఒక చెయ్యి లేచింది. ఎర్ర మట్టిగాజులు, మణికట్టు దగ్గర నూనె చిట్లిన పాత మచ్చ. ఆ చెయ్యి గాలిలో తడిమింది, పొయ్యి మీది గిన్నె కోసం తడిమినట్టు. 'వతి' అనే రెండక్షరాలు పరంధాములు నాలుక చివర ఉన్నాయి.

"అన్నా! అన్నా, నోరు ముయ్యండి, మీకు దణ్ణం పెడతా!" అని ఒక పిల్ల సంచీ ఎగరేసుకుంటూ పరిగెత్తుకొచ్చింది. ఆయన నోరు మూసుకున్నాడు. చెయ్యి కాసేపాగి, లోపలికి వెళ్ళిపోయింది. బోరింగు వచ్చింది. ఇళ్ళు మళ్ళీ గట్టిపడ్డాయి గానీ, వాటిలో రెంటికి తలుపులు రాలేదు. పరంధాములుకి మెమో వచ్చింది.

పరిగెత్తుకొచ్చిన పిల్ల పేరు ఝాన్సీ. సుందరపాలెం మీద పరిశోధన చెయ్యడానికి వచ్చిన మొదటి విద్యార్థిని. బడి పక్క గదిలో దిగింది. ఎప్పుడూ హడావిడిగా, సంతోషంగా ఉంటుంది. "ఎంత మంచి ఊరన్నా ఇది! ఏ ఇంటికెళ్ళినా కూచోబెట్టి మాట్లాడతారు. అడగబోయే ముందే వాళ్ళే గడి ఎంచుకుంటారు. మా ఫ్రెండుకి దొరికిన ఊరైతే అసలు నోరే విప్పదు, పాపం వాళ్ళ డాక్టరమ్మకి వైవాలో కూడా అంతేనట."

పరంధాములు రోజూ బస్సాగిన పది నిమిషాలూ ఊళ్ళో తిరిగేవాడు. ఎవరినైనా ఆపి, "బాగున్నావా?" అంటే, "అబ్బే, అదేం లేదండీ" అనేవాళ్ళు. వాళ్ళు జవాబులు చెప్పగలరు గానీ, అచ్చేసిన ప్రశ్న అయితేనే చెప్పగలరు. ఆ సంగతి తెలిశాక ఆయన ఝాన్సీని బతిమాలాడు.

"ఒక్క ప్రశ్న కలుపమ్మా. ఇంటికెప్పుడొస్తావు అని."

"అది కుదరదన్నా. ఇంటికి రావాలని మీరే జవాబు నోట్లో పెడుతున్నారు. ప్రశ్న తటస్థంగా ఉండాలి." కానీ పిల్ల మనసున్నది. ఆలోచించి ఆలోచించి, దాన్నే ఇలా రాసింది. 'మీ తదుపరి ప్రణాళిక ఏమిటి? ఒకటి: ఖాయం. రెండు: మాటల్లో ఉంది. మూడు: ఏదీ లేదు.'

ఝాన్సీ ప్రతి ఐదో ఇంటికీ వెళ్ళి అడిగింది. సాయంత్రం ట్రిప్పుకి ఎగురుకుంటూ వచ్చింది. "రెండో గడన్నా! అందరూ! ఒక్క ఇల్లు కూడా తేడా లేదు! ఇలాంటిది ఇంతవరకూ ఎవరికీ రాలేదు, మా సారు అప్పుడే పేపర్ రాసేద్దామంటున్నారు!"

మాటల్లో ఉంది అంటే ఎవరితో మాటల్లో ఉంది అని పరంధాములు అడుగుదామనుకున్నాడు. ఆ పిల్ల ఆనందం చూసి అడగలేదు.

నెల ఆఖరి శుక్రవారం దగ్గరికొచ్చింది. మొక్కు మామూలుదైతే టౌన్లో గుళ్ళో చెల్లించెయ్యొచ్చు. కానీ ఆవిడ పక్కన నిలబడి అని మొక్కుకున్నాడు. ఆవిడ పక్కనంటే ఇప్పుడు సుందరపాలెం గుళ్ళోనే. చెప్పాల్సిన పేరు చెబితే ఆవిడ ఇంటికొచ్చేస్తుంది, డాక్టరు పోతుంది. చెప్పకపోతే డాక్టరు ఉంటుంది, పేరు పోతుంది. రెండూ కలిపి ఒక్కసారి పిలిపించుకోవాలనేగా ఆవిడ ఏడేళ్ళు కళ్ళు కాయలు కాసేట్టు చదివింది. దేవుడికి మన పేర్లతో పనేముంది, ఆయనకన్నీ తెలుసు అని పెద్దలంటారు. తెలిసినప్పుడు పూజారి చేత పేరెందుకు అడిగిస్తాడో పరంధాములుకి అంతు పట్టలేదు.

ముందురోజు అన్నం పెడుతూ నాంచారమ్మ కొడుకు ముఖం చూసింది. "ఏరా, పేరు చెప్పేస్తావా?"

"ఏం చెయ్యమంటావమ్మా?"

"చెప్పెయ్యరా. వంటింట్లో నా ఒక్కదానికీ తోచడం లేదు." అని, గరిట పప్పులోనే ఆపేసి, "ఆగరా. ఆ పిల్ల పండగలకి కూడా పుస్తకం మూసేది కాదు. పట్టా పట్టుకుని దాని మొహం ఎలా ఉందో నేను చూశాను. అది పోగొట్టి ఇంటికి తెస్తే మన మొహం చూస్తుందా? నేనేం చెప్పనురా, ఆ పిల్లనే అడుగు."

"అడగడానికి గడి లేదమ్మా."

శుక్రవారం మొదటి ట్రిప్పులో జనం తక్కువ. మధ్య స్టేజీలో ఒక ముసలావిడ చేతిలో అరటిపళ్ళ అత్తంతో ఎక్కింది. పేరు కాశమ్మ. టికెట్టు అడిగితే, "సుందరపాలెమే నాయనా. మా ఊళ్ళో వేసవంతా ఉండి ప్రశ్నలడిగిన పిల్ల ఇప్పుడు ఊరైందంటగా, ఓసారి చూసొద్దామని" అంది.

పరంధాములు టికెట్టు చింపబోతున్నవాడల్లా ఆగాడు. "ఏ ఊరమ్మా మీది?"

"మల్లవరం."

"అది థీసిస్‌లో పెట్టిన పేరు కదమ్మా. అసలు పేరేంటి?"

"ఏమో నాయనా. అంతకుముందు ఏదో ఉండేది." కాశమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ గుర్తు తెచ్చుకోవడానికి నిజంగానే ప్రయత్నించింది. "ఆ పుస్తకంలో మల్లవరం అనుందని తర్వాత వచ్చినవాళ్ళంతా మల్లవరం అనే అడిగారు. కాదంటే వెనక్కి వెళ్ళిపోతారని మేమూ ఔనన్నాం. రేషను కార్డులో అదే పడింది. బోర్డూ మార్చారు. ఇంట్లో పిల్లలకి ఆ పాతది తెలీనే తెలీదు."

"బాధగా లేదా అమ్మా?"

"దేనికి నాయనా? రోడ్డేశారు. అయినా ఆ పేరు పిలిచేవాళ్ళేరీ? పిలవని పేరు ఉంటేనేం, లేకపోతేనేం? మంచిపిల్లయ్యా ఆ పిల్ల. మా కోడలు ముందు తింటుందా నేను ముందు తింటానా అని అడిగింది. ఆ మాట నన్ను అంతకుముందు ఎవరూ అడగలేదు. ఆ తర్వాత అందరూ అడిగారనుకో."

సుందరపాలెంలో దిగి, కాశమ్మ దారిన కనబడిన ప్రతివాళ్ళ చేతిలోనూ ఒక్కో అరటిపండు పెట్టుకుంటూ పోయింది. ప్రతివాళ్ళూ "అబ్బే" అని, తీసుకున్నారు.

పరంధాములు కాళ్ళు కడుక్కుని గుళ్ళోకి వెళ్ళాడు. కొత్త గుడే అయినా నూనె వాసన, తులసి వాసన బాగానే పట్టాయి. పూజారికి మీసాలున్నాయి గానీ కళ్ళు హైమవతివి. పళ్ళెంలో కొబ్బరికాయ, పూలు అందుకుని, అందరినీ అడిగినట్టే అడిగాడు.

"గోత్రం?"

"మార్కండేయ."

"పేరు?"

పరంధాములు వెనక్కి చూశాడు. అరుగు మీద మాటలు ఆగిపోయాయి. బావి దగ్గర చేద తాడు మధ్యలో ఆగింది. తలుపుల్లేని రెండిళ్ళలోంచీ మనుషులు బయటికొచ్చి నిలబడ్డారు. ఊరు ఊరంతా గోరు కొరుక్కోవడం మానేసి ఆయన నోటికేసి చూస్తోంది. రమ్మని చూస్తోందో, వద్దని చూస్తోందో ఆయనకి తెలియలేదు. పద్దెనిమిదేళ్ళు కాపురం చేసినవాడు. ఆ చూపు ఆవిడ కళ్ళల్లో ఇదివరకెప్పుడైనా చూశాడా అని వెతుక్కున్నాడు. ఎప్పుడైనా అడిగితేగా.

బడి గది గుమ్మంలో ఝాన్సీ సంచీని గట్టిగా పట్టుకుని, ఏడుపు మొహంతో రెండు చేతులూ జోడించింది.

"డాక్టర్..." అన్నాడు పరంధాములు. గొంతు బాగానే లేచింది. ఖాళీ ట్రిప్పుల్లో అనుకుని అనుకుని అలవాటైన మాట. ట్యాంకులో నీళ్ళు కదిలిన చప్పుడైంది. పూలు పట్టుకున్న పూజారి మణికట్టు దగ్గర, నూనె చిట్లిన మచ్చ కనబడి మాయమైంది. 

"డాక్టర్ సుందరపాలెం" అన్నాడు.

పూజారి తల వంచుకుని, ఒక్క అక్షరం పొల్లుపోకుండా, ఊరంతటికీ వినబడేట్టు గట్టిగా, మార్కండేయ గోత్రోద్భవాయాః డాక్టర్ సుందరపాలెం నామధేయాయాః అని చదివాడు. ఊరంతా ఒక్కసారి ఊపిరి వదిలింది. సంతోషంతోనో మరెందుకో, దానికి ఝాన్సీ దగ్గర గడి లేదు కాబట్టి రాసుకోలేదు. గంట మోగింది. తలుపుల్లేని రెండిళ్ళకీ తలుపులు వచ్చాయి.

ప్రసాదం తీసుకుని బయటికొస్తుంటే ఝాన్సీ పరిగెత్తుకొచ్చి ఆయన చేతులు పట్టుకుంది. "అన్నా, మీరు దేవుడన్నా! నా థీసిస్ బతికింది. ఇంక ఆర్నెల్లలో ఇచ్చేస్తా. నా ప్రణాళిక కూడా తేలిపోయింది తెలుసా? మా సారు మాట్లాడారు. నన్ను ఊరు చెయ్యరట, ఏకంగా టౌన్ చేస్తారట! బస్టాండు, సినిమా హాలు, అన్నీ!"

"చాలా సంతోషం తల్లీ!" అన్నాడు పరంధాములు మనస్ఫూర్తిగా. "ఏ రూట్లో?"

మెమో రద్దయింది. గోప్యత కాపాడినందుకు యూనివర్సిటీవాళ్ళు ఆయనకి శాలువా కప్పారు. బస్సు బోర్డు మీద సుందరపాలెం అని కొత్త రంగుతో రాయించారు, దూరానికి కూడా తళతళలాడుతూ కనబడుతుంది. నాంచారమ్మ ఇల్లు అద్దెకిచ్చేసి, చావడి అరుగు పక్కన చిన్న గది చూసుకుని, ఊళ్ళోకే మారిపోయింది. అరుగు నిజంగానే వెడల్పుగా వచ్చింది. అక్కడి ఆడవాళ్ళు సాయంత్రం పూట ఆవిడ మోకాళ్ళకి నూనె రాస్తారట. "అంతా మన కోడలి చెయ్యేరా" అని మొదట్లో గుసగుసగా అనేది. ఈమధ్య "అంతా మన పాలెంవాళ్ళ చెయ్యే" అంటోంది.

మొన్న సాయంత్రం ట్రిప్పులో, బియ్యం బస్తాతో ఎక్కిన పెద్దాయన ఒకాయన చిల్లర తీసుకుంటూ, బస్సుల్లో అందరూ అడిగే మాటే అడిగాడు.

"మీదే ఊరండీ?"

"సుందరపాలెమేనండీ" అన్నాడు పరంధాములు ఠీవిగా. "మా ఆవిడ తరఫు."

"అలాగా! ఆవిడ పేరేంటి? మావాళ్ళు ఉన్నార్లెండి అటు, ఎరిగుంటారేమో."

పరంధాములు జవాబు చెప్పబోయాడు. నాలుక చివర చూసుకున్నాడు. అక్కడ మొదటి ట్రిప్పు నాడు ఉన్న రెండక్షరాలు లేవు. దూరంగా ట్యాంకు కనబడింది. ఈ వేళకి ఊళ్ళో ప్రతి ఇంట్లోనూ పొయ్యి మీద పాలు పెడతారు, బస్సు మోత వినగానే ఎవరో ఒకరు గిన్నె దించడానికి లోపలికి పరిగెడతారు. దిగి తొందరగా వెళ్ళాలి, పొంగిపోతాయి.

"అబ్బే, అదేం లేదండీ" అని, బొటనవేలి గోరు కొరుక్కుంటూ ఫుట్‌బోర్డు మీదికి నడిచి, గొంతెత్తి స్టేజీ పేరు పిలిచాడు.